గువ్వ వడ్డీ

జూలై 9
రెండు వాయిల బట్టలు. వంటింటి అల్మరా సర్ది కొత్త కాగితాలు పరిచాను. కరెంటు బిల్లు కట్టాను. ఆయన చొక్కాకి గుండీ కుట్టడం మిగిలిపోయింది.

సాయంత్రం ఆడిటర్ ఫోన్. మా నాన్న పోయేముందు మనవరాలు గువ్వ పేర వేసిన డిపాజిట్‌కి నిరుడు నలభై ఎనిమిది వేలు వడ్డీ వచ్చిందట. మైనర్ పిల్ల కష్టపడి సంపాదించినది కాదు కాబట్టి అది తండ్రి ఆదాయంలో కలుస్తుందట. ఆయన శ్లాబులో పన్ను తొమ్మిది వేల ఆరు వందలు. గువ్వకి విడిగా లెక్కగడితే సున్నాయే.

మీ నాన్న పోతూ పోతూ నా నెత్తిన రుద్ది పోయాడే అన్నారు ఆయన.

జూలై 10
పన్ను నాదైతే డబ్బూ నాదే అంటున్నారు. డిపాజిట్ బ్రేక్ చేసి తన బైండింగ్ షాపుకి కటింగ్ మెషీన్ కొంటారట. గార్డియన్ సంతకం ఆయనదే. ముప్పయ్యో తేదీకి గువ్వకి పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత ఆయన సంతకం చెల్లదు. అందుకే ఈ తొందర.

ఆగస్టులో దాని కాలేజీ ఫీజు మాటేమిటన్నాను. అప్పటికి చూద్దాంలే అన్నారు. ఆ చూద్దాంలేతోనే బాత్రూం కుళాయి మూడేళ్ళుగా కారుతోంది.

జూలై 11
ఆయన చొక్కాకి గుండీ ఇంకా కుట్టలేదు.

జూలై 13
ఆడిటర్ ఆఫీసుకి నేనే వెళ్ళాను. పన్ను ఎవరు కడితే డబ్బు వాళ్ళదవుతుందా అని అడిగాను. భలేవారమ్మా, వడ్డీని ఎవరి లెక్కలో కలపాలన్నదే రూలు, డబ్బు ఎప్పటికీ పాపదే అన్నాడు. మరి ఆ పన్ను పాపే ఇస్తే? రిటర్న్‌లో కట్టినట్టుంటే చాలమ్మా, ఏ జేబులోంచి తీశారని ఎవరూ అడగరు అని నవ్వాడు.

గువ్వకి చెప్పాను. గోళ్ళు కొరుక్కుంది.

జూలై 15, మధ్యాహ్నం
పొద్దున బ్యాంకుకి వెళ్ళారు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను.

ఒంటిగంటకి వచ్చారు, చేతిలో ఖాళీ ఫారం. పాపకి ఏ అవసరానికి సార్ అని కౌంటర్లో పిల్ల అడిగిందట. మెషీన్ అందామంటే నోరు రాలేదట. నీ రాత బాగుంటుంది, చదువుకని రాసిపెట్టు, రేపు ఇచ్చేస్తాను అన్నారు.

పాతికేళ్ళుగా ఈ ఇంటి ఫారాలన్నీ నేనే నింపుతున్నాను. మొదటిసారి పెన్ను మూత పెట్టేశాను. ఆ మాట మీ చేత్తోనే రాసుకోండి అన్నాను.

ఫారం బల్ల మీదే ఉంది. ఆయన దాని ముందు చాలాసేపు కూర్చున్నారు.

జూలై 16
భోజనాల దగ్గర గువ్వ డబ్బు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. వడ్డీ పడే ఖాతా దానిదే, కార్డూ దానిదే. నా వడ్డీకి పన్ను నేనే ఇస్తున్నాను నాన్నా, రసీదు ఇవ్వు అంది. కన్నతండ్రి చేతే రసీదు రాయిస్తావుటే అని లేచిపోయారు. సగం అన్నం కంచంలోనే. డబ్బు ఎవరూ ముట్టుకోలేదు.

జూలై 17
బల్ల మీద డబ్బు లేదు. ఫారమూ లేదు. గువ్వా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన చీకటితోనే వెళ్ళిపోయారు. ఫోన్ ఎత్తడంలేదు. కూర మాడింది.

జూలై 18
గువ్వ దిండు మీద ఖాళీగానే ఉన్న బ్యాంకు ఫారం, దానిపైన షాపు బిల్లు కాగితం. ఆయన గీతల రాత, కింద షాపు ముద్ర.
అమ్మాయి పన్ను బాకీ, తొమ్మిది వేల ఆరు వందలు, ముట్టింది. చెల్లు.