రాతబల్లకు కుళాయి

బడెక్, మే మూడో తేదీ

మ్యూరియల్‌కి,

ఇక్కడ నేనూ పిల్లీ బాగానే ఉన్నాం. నువ్వు జారిపడ్డ మెట్ల మీద మంచు కూడా కరిగిపోయింది, కాస్త ఆలస్యంగా. అక్కడ హాలిఫాక్స్ ఆసుపత్రిలో నీకు తిండి సయిస్తోందని తలుస్తాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. పిల్లి లావెక్కింది. మీ చెల్లెలు హేజెల్ వారానికి రెండుసార్లు చేపల సూప్ తెస్తోంది. ఉప్పు ఎక్కువే, కానీ మొహం మీద అనలేదు. ఇక మూడోది. స్నానాలగదిలో పాత సింకు తీసేసి, మీ అమ్మగారి సొరుగుల బీరువాకి మెరుగుపెట్టి, దాని మీద కొత్త సింకు బిగించమన్నావు. పత్రికల్లో అందరూ అదే చేస్తున్నారన్నావు. సింకు బిగించాను. కానీ బీరువా మీద కాదు, నా రాతబల్ల మీద.

నమ్మవని తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిపిల్లల కాగితాలు దిద్దిన బల్ల అది. దాని మీద నువ్వు తడి కప్పు పెడితే వీధి చివరిదాకా వినపడేలా అరిచేవాణ్ణి.

రంపం కోసం పక్కింటి ఎర్ల్ దగ్గరికి వెళ్తే, అతను నాతో పాటే వచ్చి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మతి గానీ పోయిందా వెండెల్? ఇంత మంచి ఓకు చెక్కకి కన్నం పెడతావా?"

"పెడతాను. నువ్వు రంపం ఇస్తావా, ఉపన్యాసం ఇస్తావా?"

"రెండూ ఇస్తా, ఊరికేగా! ముందు ఆ బీరువా ఎందుకు పనికిరాదో చెప్పు."

నేను బల్ల కింద ఖాళీ ఎత్తు కొలవడం మొదలుపెట్టాను. ఎర్ల్ బల్ల వంక చూశాడు. రెండువైపులా సొరుగులు, మధ్యలో కాళ్ళు పెట్టుకునే ఖాళీ. టోపీ తీసి తల గోక్కున్నాడు. వెళ్ళి రంపం తెచ్చాడు.

పాత పాలిషు గీకడానికే రెండు రోజులు పట్టింది. నీ టీ కప్పు మరకలు ఏడు ఉన్నాయి. ఆరు పోయాయి. ఏడోది చెక్కలోకి దిగిపోయింది. ఎర్ల్ ఇంకా గీకుదామన్నాడు, నేను వద్దన్నాను. పడవలకు వేసే వార్నిష్ నాలుగు పూతలు వేశాం, పూత పూతకీ మధ్య గరుకు కాగితంతో రుద్దుతూ. "ఇక దీన్ని సముద్రంలో వదిలినా నీకేం భయం లేదు" అన్నాడు ఎర్ల్. నీళ్ళు పోయే గొట్టాన్ని గోడవారకు మళ్ళించాం. వేడినీళ్ళ గొట్టానికి మందంగా తొడుగు చుట్టాం.

ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాట ఇక రాయాలి.

మీ అమ్మగారి బీరువాకి కిందిదాకా సొరుగులే. మోకాళ్ళకి చోటుండదు. చక్రాల కుర్చీ దాని కిందికి పోదు. నా బల్ల కిందికి పోతుంది. వేడి గొట్టం తగిలినా నీ కాళ్ళకి తెలియదు కాబట్టి దానికి తొడుగు.

మార్చిలో నేనక్కడికి వచ్చినప్పుడు డాక్టరు నన్ను నడవలో ఆపి, నువ్విక నడవలేవని చెప్పాడు. ఆ మాట నీకు తానే చెబుతానన్నాడు. నేను చెబుతానని మాటిచ్చి, లోపలికి వచ్చి నీతో పిల్లి కబుర్లు చెప్పాను. "జూలైకల్లా చర్చిదాకా నడుస్తా, చూస్తూ ఉండు" అన్నావు నువ్వు. "తప్పకుండా" అన్నాను. ఆ అబద్ధం అప్పటినుంచీ నన్ను తింటూనే ఉంది.

పద్నాలుగో తేదీన నువ్వు ఇంటికొచ్చి స్నానాలగది గుమ్మంలోకి రాగానే నీకు అంతా అర్థమైపోతుంది. బల్లను చూసి తెలుసుకోవాల్సిన సంగతి కాదిది. నా నోటినుంచే వినాలి. దానికీ నాకు ధైర్యం చాలక ముందు కాగితం మీద పెడుతున్నాను. ఆదివారం ఎర్ల్ బండిలో వస్తున్నాను. నీ ఎదురుగా కూర్చుంటాను. తిట్టాలనుంటే ఆ తిట్లన్నీ అప్పటికి దాచిపెట్టుకో.

అద్దం నువ్వు కూర్చునే ఎత్తుకి బిగించాను. నిలబడితే అందులో నాకు చొక్కా గుండీలే కనిపిస్తున్నాయి. గడ్డం గీసుకోవడానికి వంటగదిలోని స్టూలు తెచ్చి బల్ల పక్కన వేసుకున్నాను. అది ఇక అక్కడే ఉంటుంది. నీ టీ కప్పు ఎక్కడ పెట్టినా నేను నోరెత్తను.

ఇట్లు,
నీ పిరికి మొగుడు
వెండెల్