ముత్తవ్వ పెళ్లి గౌను

మోంటానా, మంగళవారం

ఆర్విన్,

ఒంట్లో బాగానే ఉంది, కోపం తప్ప మరే జబ్బూ లేదు. నేను బట్టలు కుడుతున్న ఈ టీవీ కథ ఒక నవలలోది. అందులో, జనం ఎద్దుబండ్ల మీద పడమటికి వలసపోయిన రోజుల్లో, ఓ ఆడది భర్తను పాతిపెట్టిన మర్నాడే మరొకణ్ణి పెళ్లాడుతుంది. మంచు పడితే ఊళ్లు తిరిగే పాస్టరు మళ్లీ వసంతానికి గాని రాడు, అందుకే ఆ తొందర. గతిలేని ఆ పెళ్లికి తెల్ల సిల్కు గౌను కుట్టమన్నాడు డైరెక్టరు డెంటన్!

"ఎద్దుబండిలో వచ్చిన విధవరాలికి సిల్కెక్కడిది నాయనా? ఉన్న ఒక్క ఆదివారం చర్చి గౌనుతోనే పెళ్లిళ్లయ్యేవి" అన్నాను.

"చూసేవాళ్లకి తెలుపైతేనే భక్తిగా ఉంటుందమ్మా."

"మురికంటని భక్తి మీ స్టూడియోలోనే పుట్టింది! దేవుడికీ టీవీ కళ్లేనా?"

"సరే, వచ్చే వారం శుక్రవారంలోగా అసలుది చూపించండి. లేదంటే తెలుపే" అన్నాడు.

మా ముత్తవ్వ పెళ్లాడిన గోధుమరంగు ఉన్ని గౌను మనింట్లో పెట్టె అడుగున ఉంది. కడుపు పెరిగితే విప్పుకోవడానికి ఆవిడ కుట్లలో బెత్తెడు గుడ్డ మడిచిపెట్టింది. ఆ మడతకు ఏ డైరెక్టరూ జవాబు చెప్పలేడు. మన పెళ్లికి నేను తొడుక్కున్నదీ అదేగా.

పొయ్యి గొట్టం దులిపించావా? కోళ్ల గూటి తలుపు సరిగ్గా పడుతోందా? చర్చి బల్ల మీద నా చోట ఎవరూ కూర్చోకుండా నీ టోపీ పెట్టు. మీ అక్కను అడిగానని చెప్పు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

గౌను పోస్టులో వెయ్యకు, నువ్వే పట్టుకొని రా. నిన్ను చూసి ఆరు వారాలైంది. గౌను దొరక్కపోయినా రా.

నీ లొరెట్టా