ఆగని బండి

సరోజా,

మన పెద్దోడు పాత డీజిల్ బండి ఇచ్చేసి కొత్తది తెచ్చాడు. ఇంట్లోనే ఛార్జింగు పెట్టుకోవచ్చు, అది అయిపోతే పెట్రోలుతో నడుస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, ముందు ఇంటి ఆడమనిషి ఎక్కాలి కదా, కోడలిని ముందు సీట్లో కూర్చోమన్నాను.

"అత్తమ్మ సీట్ల నేనెట్ల కూసుంట మామా," అని వచ్చి వెనక నా పక్కన కూర్చుంది.

యరగేర వైపు వెళ్లాం. ఆ రోజు నిన్ను ఆసుపత్రికి తెస్తుంటే పాత బండి మొరాయించి, నువ్వు కన్నుమూసిన చోటు వచ్చింది.

"ఇది నడుమల ఆగది నాయినా," అన్నాడు వాడు, వెనక్కి చూడకుండా.

నిజమే. చప్పుడు కూడా లేకుండా దాటిపోతోంది.

నేనే ఆపమన్నాను.