ఖాళీగా వదిలిన ఆకు

మార్చి 3

ఇది నాలుగో దేశం. స్కెచ్‌బుక్ నిండా గుమ్మాలు, కిటికీలు, పడవల తెరచాపలు. గ్యాలరీ మేడమ్‌కి ఫొటోలు పంపితే ఇంకా ఏదో కావాలంటోంది. నా ఎంబ్రాయిడరీ ఎగ్జిబిషన్‌కి 'ప్రపంచం నా సూదిలో' అని పేరు కూడా ఆవిడే పెట్టింది. వినడానికి గొప్పగానే ఉంది. కాళ్ళు వాచిపోయాయి గానీ సూది మాత్రం పెట్టెలోంచి బయటికి రాలేదు.

మార్చి 4

వాన. రోజంతా పడుకున్నాను. సిగ్గేమీ లేదు.

మార్చి 5, మధ్యాహ్నం

అక్షరాలు కుదరడం లేదు.

స్టేషన్ వెనక సందులో ఒక బట్టల షాపు. టేబుల్ క్లాత్‌ల దొంతరలోంచి ఒకటి లాగాను. అంచు పొడవునా తీగ. కుట్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం వాళ్ళు కుడితే అలా వాలుతాయి. అమ్మ గుర్తొచ్చింది. లోకంలో ఎడమచేతి వాళ్ళకు కరువా అనుకున్నాను. మూలకొచ్చేసరికి ఒక ఆకు కుట్టి లేదు. పెన్సిల్ గీత మాత్రం ఉంది.

అమ్మ ప్రతి గుడ్డలోనూ మూలన ఒక ఆకు నా కోసం వదిలేది. నేను దారం బిగించి లాగితే గుడ్డ ముడుచుకుపోయేది. ఏమీ అనేది కాదు. కుట్టు విప్పేసి, సూదికి దారం ఎక్కించి, ఆ ఆకులోనే గుచ్చి నా ఒళ్ళో పెట్టేది.

అమ్మ పోయిందని నాన్న చెప్పినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

ఈ గుడ్డ కొత్తది. దారం మెరుపు కూడా తగ్గలేదు.

సాయంత్రం

మళ్ళీ వెళ్ళాను. షాపు ఓనరమ్మను అడిగితే, పైవాటాలో ఉండే పెద్దావిడ కుడుతుందని చెప్పింది. ఆ ఆకు పూర్తి చేయమని ఎంత మొత్తుకున్నా వినదట. అది తన పని కాదంటుందట.

పెద్దమ్మకు ఫోన్ చేశాను. అమ్మ అసలు పోయిందా అని అడిగాను.

"పోలేదమ్మా. వెళ్ళిపోయింది. ఆ మాట చెబితే నువ్వు రోజూ గుమ్మంలోనే కూర్చుంటావని, మీ నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు."

ఎక్కడికెళ్ళిందో ఆవిడకూ తెలియదట. నాన్ననే నిలదీద్దామంటే ఆయన లేడు. ఆయన నిజంగానే పోయాడు, నా కళ్ళ ముందే.

మార్చి 6

ఒళ్ళంతా కోపం. నన్ను వదిలేసి వెళ్ళిన మనిషికి నా ఆకు ఎందుకు?

మార్చి 7

పైకి వెళ్ళాలనుకున్నాను. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. వెనక్కి తిరిగి ఆ గుడ్డ కొనుక్కుని రూమ్‌కొచ్చాను. ఆకు కుట్టాను. ఇన్ని అవార్డులు తెచ్చిన చెయ్యి, తీరా చూస్తే దారం బిగించేసింది. గుడ్డ ముడుచుకుంది. సరిచేయబుద్ధి కాలేదు. అలాగే మడిచి ఓనరమ్మ చేతికిచ్చి పైకి పంపమన్నాను. నా పేరు చెప్పలేదు.

మార్చి 8

కబురు లేదు. గ్యాలరీ మేడమ్ మెసేజ్‌లు మాత్రం వస్తున్నాయి. చూడలేదు.

మార్చి 9

గుడ్డ తిరిగొచ్చింది. నా ఆకు విప్పేసి ఉంది. అందులో దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.