రెండు కేజీల భయం

గురువారం, చోడవరం

నా అంత పిరికివెధవ ఈ ఊళ్లో ఇంకొకడు ఉండడు. "బరువు, పల్సు ఏదీ చూసుకోవద్దు. భయం వస్తే రానివ్వండి, దానంతట అదే పోతుంది" అని విశాఖలో డాక్టరు సోమవారమే చెప్పాడు. ఆ రోజు అక్కడ అరవై నాలుగు కేజీలున్నాను. ఇవాళ మా బెల్లం కొట్లో ఎవరూ చూడకుండా కాటా ఎక్కాను. అరవై రెండు! ఇంకేముంది, కేన్సరే. క్యారేజీ విప్పలేదు. ఇన్సూరెన్సు కాయితాలు ఏ బీరువాలో ఉన్నాయో మా ఆవిడకు ఫోన్ చేసి మరీ చెప్పాను. "మళ్లీ మొదలెట్టేరా?" అని పెట్టేసింది.

సాయంత్రం కళాసీ అప్పన్నకు చెప్పుకుంటే పగలబడి నవ్వాడు.

"తట్ట లేకుండా ఎక్కేరేటి బాబూ? తట్ట బరువు రెండు కేజీలు కాటాలో ముందే తీసేసుంది కదా. పొద్దున్న మీరే కదా సెట్ సేసేరు!"

ఇరవై ఏళ్లుగా బెల్లం తూచే గుమస్తాని. తూ, ఇదీ ఒక బతుకే.

అయినా ఆ తట్ట సరిగ్గా రెండు కేజీలే ఉంటుందా? రేపు దాన్ని నెత్తిన పెట్టుకుని ఒక్కసారి ఎక్కి చూస్తే...