తనిఖీ గేటు దగ్గర నేను పలకని రెండక్షరాలు

విమానాశ్రయ భద్రతా విభాగం ముఖ్యాధికారి గారికి,

అయ్యా,

విషయం: నా ఫిర్యాదు కారణంగా పనిలోంచి తీసివేసిన తనిఖీ ఉద్యోగిని తిరిగి విధుల్లోకి తీసుకొనుట గురించి.

హక్కుల గురించి ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో వ్యాసాలు రాస్తున్న నేను సిగ్గుతో మనవి చేసుకొనునది ఏమనగా:

1. పేగు ఆపరేషన్ తర్వాత నా పొట్టకు మలం సంచి అతికించారు. అది తీసి పక్కన పెట్టేది కాదు. ఇంట్లో దాన్ని ‘సంచి’ అనే అంటాం. గత నెల తనిఖీ గేటు దగ్గర సదరు ఉద్యోగి నా చొక్కా కింద ఉబ్బు చూసి ఏమిటని అడగగా, గొంతు తగ్గించి "సంచి" అన్నాను.

"సంచులన్నీ ట్రేలో పెట్టాలి సార్."

"ఇది తీసే సంచి కాదు."

"అందరూ అదే అంటారు సార్. తీయండి."

వెనక నుంచి ఎవరో, "ఏం దాచావో తీసి చూపించవయ్యా బాబూ, అవతల విమానం వెళ్ళిపోతోంది!" అన్నారు. వరుసంతా నవ్వింది.

2. మలం అని రెండక్షరాలు పలికితే అక్కడితో తీరిపోయేది. ఒంటిని చూసి సిగ్గుపడటం మనకు నేర్పిన బానిసత్వమని మూడు వ్యాసాలు రాసినవాణ్ణి. ఆ రెండక్షరాలకు బదులుగా అరిచాను: "చదువుకున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలీదా నీకు?" శ్రమజీవుల పక్షాన రాసే మనిషి నోటి నుంచే ఆ మాట వచ్చినదని నమోదు చేసుకోగలరు. ఆయన నిబంధన ప్రకారం పొట్ట మీద తడిమారు. అతుకు ఊడింది. తదుపరి జరిగినది వరుసలోని వారందరికీ వాసన ద్వారా తెలియవచ్చినది.

3. నా ఫిర్యాదులో నేను అరిచిన మాట లేదు. ఇది కూడా లేదు: ఆయన తన యూనిఫాం కోటు విప్పి నాకు చుట్టారు. మరుగుదొడ్డికి నడిపించి, నీళ్ళు పట్టి తెచ్చి, ఎవరూ రాకుండా తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. "కంగారు పడకండి సార్, ఒళ్ళన్నాక రానిదేముంది? ముందే ఒక్క మాట అనుంటే పక్క గదిలో చూసేవాణ్ణి కదా" అన్నారు. నేను కృతజ్ఞత కూడా చెప్పలేదు. నన్ను ఆ స్థితిలో చూసిన మనిషి మళ్ళీ నా కంటబడకూడదనిపించింది. ఇంటికొచ్చి ఫిర్యాదు రాశాను. బాగా రాశాను; అదే కదా నా వృత్తి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, నిజం సగమే ఉంది. నా భార్య చదివి, "కోటు సంగతేదండీ?" అంది. అది విషయానికి సంబంధించింది కాదన్నాను.

4. అంతమాత్రాన తమరు కడిగిన ముత్యాలని కాదు. పక్క గది ఉన్నదని బోర్డు ఎక్కడ? నాబోటివాడు నోరు తెరవకుండా చూపించుకునే చీటీ ఏది? తడమమన్నది తమ నిబంధన, తడిమిన చెయ్యి ఆయనది, వేటు చేతి మీద పడింది. నా కాగితం ఒక్కటి చూసి, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా మూడు రోజుల్లో ఇంటికి పంపారు. నా రాతను అంత సులువుగా నమ్మినవారు ఈ రాతనూ నమ్మాలి.

కావున నా ఫిర్యాదును రద్దుపరచి, తప్పు నాదని ఆయన ఫైలులో రాసి, ఆయనను తక్షణం పనిలోకి పిలిపించే విషయం చిత్తగించవలెను.

ఎన్నడూ ఎవరికీ ఈ కింది మాట రాయని,
తమ విధేయుడు

తా.క. క్షమాపణ చెప్పుకుందామని నిన్న ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు సగమే తీసింది. "ఉన్నారండీ, కానీ మీతో మాట్లాడరు. తను ఏ మాటంటే మీరు మళ్ళీ ఏం రాస్తారోనని భయం" అంది. నా రాతకు తమబోటివారు భయపడాలని ఇరవై ఏళ్ళు రాశాను. భయపడింది ఆ ఇల్లు.