ఎడ్మండ్ వైద్యుల వారి గారె

ఎడ్మండ్ వైద్యుల వారి దివ్యసముఖానికి,

మీరు పోయిన నాలుగు వందల ఏళ్లకు, అడగకుండా మీ ఇంటి గుట్టులోకి దూరినందుకు నేలకు నుదురు తాకించి క్షమాపణ వేడుకుంటున్నాను. నేరం నాది కాదు, దూరవిద్యలో నాకు చరిత్ర చెప్పే సారుది. పాతకాలపు ఇంగ్లండు వైద్యుడొకరి వంశం వెతకమన్నారు, మీరు దొరికారు.

ఇక్కడ ఖతార్‌లో డ్యూటీ దిగగానే క్యాంపు గదిలో ఫోను పట్టుకుని మీ వెంట పడ్డాను. ఊరందరికీ జలగలు పట్టించిన మీరు, ముగ్గురు కొడుకులను మీకంటే ముందే సాగనంపారు. మిగిలిన ఒక్క కూతురి జాడ పెళ్లి దగ్గర ఆగిపోయింది.

నిన్న పెత్రమాస, మా వైపు పోయినవాళ్లకు అన్నం పెట్టే అమావాస్య. పోయిన మా పెద్దలందరికీ, మా గదిలో పెద్దవాడైన లింగయ్య కాక బయట పిట్టగోడ మీద కాగితం ప్లేట్లలో వడ్డించాడు. మీకూ ఒక ప్లేటులో గారె పెట్టమన్నాను.

"డాక్టరా? కారం తింటడా?"

"తినడు కాకా."

పావురాలు మా తాత ప్లేటు ఖాళీ చేశాయి. మీ గారె జోలికి మాత్రం రాలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు కోరిక మిగిలినట్టే.

"ఏం రంది ఉండెరా ఆయనకు?" అన్నాడు కాక.

"బిడ్డ ఏమైందో తెల్వది కాకా."

కాక కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. "నీ బిడ్డను మావోడు దేవులాడుతడు డాక్టరూ. రంది పడకు, తిను."

కళ్లు తెరిచి, "ముట్టింది!" అని ఎగిరి గంతేశాడు.

ఆయన ఇచ్చిన మాట కోసం ఇవాళా మీ అమ్మాయిని వెతుకుతూనే ఉన్నాను. ఇంతవరకు సాధించింది శూన్యం. నిజంగా చేసింది ఒక్కటే. ఆ గారె అంచు కొరికింది పావురం కాదు, నేను.